ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ సైట్: ఎర్రచందనం, శ్రీగంధం పక్కపక్కన పెట్టి చూశాను

ఏ జాతి ఎంత అంతరించే ప్రమాదంలో ఉందో చెప్పే అంతర్జాతీయ జాబితా ఐయూసీఎన్ రెడ్ లిస్ట్. మొక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లు ఈ సైట్ తప్పకుండా వాడాలి. ఉచితం, పైగా శాస్త్రీయ నామం కొడితే ఆ జాతి పేజీ నేరుగా వచ్చేస్తుంది.

నేను ముందు వెతికింది ఎర్రచందనం, శ్రీగంధం. చాలామంది రెండూ దగ్గరి చుట్టాలనుకుంటారు గానీ అస్సలు కాదు. ఎర్రచందనం చిక్కుడు కుటుంబం, పసుపు పూలు, చుట్టూ రెక్క ఉన్న చదునైన కాయ, చేవ ఎర్రగా ఉంటుంది కానీ వాసన ఉండదు. శ్రీగంధం వేరే కుటుంబం, సగం పరాన్నజీవి. పక్క మొక్కల వేళ్లకు తన వేళ్లను అతికించి నీళ్లు, లవణాలు లాగేసుకుంటుంది, అందుకే పక్కన తోడు మొక్క లేకుండా ఒంటరిగా నాటితే సరిగా ఎదగదు.

సైట్‌లో శ్రీగంధం 'వల్నరబుల్' (ముప్పు పొంచి ఉన్నది), ఎర్రచందనం అంతకంటే ఒక మెట్టు ఎక్కువ ప్రమాదంలో, 'ఎండేంజర్డ్' (అంతరించే ప్రమాదంలో ఉన్నది). ఇది నాకు సబబుగానే అనిపించింది, ఎందుకంటే ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, శేషాచలం లాంటి కొండల్లోనే, అక్కడ నరికేస్తే ఇంకెక్కడా అడవి చెట్టు దొరకదు.

నాకు బాగా నచ్చింది, ఏ వర్గంలో ఎందుకు పెట్టారో కారణం కూడా రాయడం. ఎర్రచందనాన్ని 2018లో ముప్పుకు దగ్గరలో ఉన్నవాటి వర్గమైన 'నియర్ థ్రెటెన్డ్'కి మార్చి, తర్వాత మళ్లీ 'ఎండేంజర్డ్'లోకి తెచ్చారు. కాబట్టి రంగు గుర్తు చూసి ఆగిపోకండి, అంచనా వేసిన సంవత్సరం, కింద ఉన్న ముప్పుల వివరాలు కూడా చదవండి. వ్యాపార నిబంధనలు కావాలంటే మాత్రం సైటిస్ (ప్రమాదంలో ఉన్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితా విడిగా చూసుకోవాలి, ఎర్రచందనం అందులో రెండో అనుబంధంలో, అంటే అనుమతులతోనే వ్యాపారం చేయాల్సిన వాటిలో ఉంది.