టమాటాకి, బీన్స్‌కి భేష్, పచ్చళ్లకి మాత్రం వద్దు: ప్రెషర్ కానర్‌తో నా అనుభవం

అమెరికాలో, ఇక్కడి ఒహాయోలో పెరడు ఉన్న మనవాళ్లందరికీ ఆగస్టు వచ్చేసరికి ఒకటే టెన్షన్. టమాటాలు, బీన్స్ అన్నీ కలిసి ఒకేసారి విరగకాస్తాయి, పక్కింటివాళ్లకీ ఆఫీసులోవాళ్లకీ పంచినా తరగవు, ఫ్రీజర్‌లో చోటుండదు, అక్టోబర్‌లో ఫ్రాస్ట్ పడితే మొక్కలు మొత్తం పోతాయి. అందుకే 23 క్వార్ట్‌ల (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ, పింట్ అందులో సగం) అల్యూమినియం ప్రెషర్ కానర్ తీసుకున్నాను, అంటే కూరగాయల్ని గాజు జార్లలో సీల్ చేసి నిల్వపెట్టే (కానింగ్) పెద్ద ప్రెషర్ పాత్ర. ప్రెషర్ ఎంతుందో ముల్లుతో చూపించే డయల్ గేజ్ ఉన్నది. కొన్నేళ్లుగా ప్రతి వేసవీ వాడుతున్నాను. కొనాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

మీరు జార్లలో పెట్టేది టమాటా ఒక్కటే అయితే అసలు కానర్ కొనక్కర్లేదు. జార్ల మీద ఒకటి రెండు అంగుళాల ఎత్తున నీళ్లు నిలిచేంత లోతైన గిన్నె, అడుగున పెట్టడానికి ఒక ర్యాక్ ఉంటే చాలు. తొక్క తీసిన టమాటాలు చిదిమి, ఐదు నిమిషాలు ఉడికించి, వేడిగానే జార్లలో పోసి, పైన అర అంగుళం ఖాళీ వదిలి, క్వార్ట్ జార్ అయితే 45 నిమిషాలు మరగనివ్వాలి (వెయ్యి అడుగుల లోపు ఎత్తున్న ఊళ్లకి ఈ లెక్క, అంతకంటే ఎత్తయితే టైమ్ పెరుగుతుంది). క్వార్ట్‌కి రెండు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం మాత్రం తప్పకుండా వేయాలి, అదీ సీసాలో అమ్మేదే, ఎందుకంటే చెట్టు నిమ్మకాయల పులుపు కాయకో రకంగా ఉంటుంది. టమాటా పుల్లగానే ఉంటుంది కదా అనకండి. పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్టు) 4.6 దాటితే ప్రాణాంతకమైన విషం తయారుచేసే బొటులిజం సూక్ష్మజీవి పెరగగలదు, టమాటాలు సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంటాయి. ఆ విషానికి వాసన కూడా ఉండకపోవచ్చు, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుందిలే అనుకోవడానికి లేదు.

బీన్స్ అలా కాదు. వాటిలో పులుపు లేదు, మరిగే నీళ్ల వేడికి ఆ సూక్ష్మజీవి బీజాలు చావవు, 240 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెళ్లాలి, అది ప్రెషర్‌లోనే సాధ్యం. కానర్ అవసరం ఇక్కడే. మా ఊరి ఎత్తుకి డయల్ గేజ్ మీద 11 పౌండ్ల ప్రెషర్, పింట్ జార్లకి 20 నిమిషాలు, క్వార్ట్‌లకి 25. వినడానికి తక్కువే, కానీ ముందు పది నిమిషాలు ఆవిరి పోనివ్వాలి, ప్రెషర్ ఎక్కాలి, అయ్యాక దానంతటది దిగాలి. ఒక్కో వాయికి రెండు గంటలు వేసుకోండి. ఇంట్లో కుక్కర్ విజిల్ ఎత్తినట్టు ఎత్తడం, చల్లనీళ్లు పోయడం లాంటివి ఇక్కడ చేయకూడదు, చేస్తే జార్లలోని నీళ్లు బయటికి పొంగిపోతాయి, జార్లు పగలనూ వచ్చు. మన కుక్కర్లోనే చేయొచ్చా అని కూడా అడుగుతారు, చేయకూడదు. అవి చిన్నవి, త్వరగా వేడెక్కి త్వరగా చల్లారిపోతాయి, ఈ నిమిషాల లెక్క వాటికి సరిపోదు.

రుచి సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. బీన్స్ బాగా మెత్తబడతాయి, వేపుడికి పనికిరావు, సాంబారుకీ కొబ్బరి వేసి చేసే కూరకీ బాగుంటాయి. బెండకాయ పెట్టొచ్చు గానీ జిగురు నాకు నచ్చలేదు. టమాటా మాత్రం అద్భుతం, జనవరిలో బయట మంచు పడుతుంటే మన పెరటి టమాటాతో చారు పెట్టుకోవడం కోసమైనా ఇంత కష్టం పడొచ్చు.

గోంగూర పచ్చడి, టమాటా పచ్చడి జార్లలో పెట్టి సీల్ చేద్దామనే ఆలోచన మనవాళ్లందరికీ వస్తుంది, దయచేసి వద్దు. నూనె, వెల్లుల్లి ఉన్న మన పచ్చళ్లకి పరీక్షించి ఖాయం చేసిన కానింగ్ లెక్కలు నాకు ఎక్కడా కనిపించలేదు, అంచనాతో చేసే పని కాదిది. జార్జియా యూనివర్సిటీలోని నేషనల్ సెంటర్ ఫర్ హోమ్ ఫుడ్ ప్రిజర్వేషన్ వాళ్లు ఇచ్చిన లెక్కలే నేను పాటిస్తాను, అందులో లేనిది ఫ్రీజర్‌లోకే. గోంగూర ఆకు కొద్దిగా మగ్గబెట్టి ఫ్రీజ్ చేస్తే పచ్చడి ఎప్పుడు కావాలంటే అప్పుడు చేసుకోవచ్చు. సొరకాయ, వంకాయ కూడా అంతే.

ఇక నచ్చనివి. నిండా జార్లు, నీళ్లు ఉన్న కానర్ చాలా బరువు, పొయ్యి మీద పెట్టాకే జార్లు సర్దండి. గ్లాస్ టాప్ స్టవ్ ఉన్నవాళ్లు కొనేముందే స్టవ్ మాన్యువల్ చూసుకోవాలి, అన్నీ ఈ బరువుకి ఒప్పుకోవు. జార్ల మూతలు ఒక్కసారికే, వాటిని బిగించే రింగులు మళ్లీ వాడుకోవచ్చు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికాయని ఒక పేరులేని రకం మూతలు తెప్పిస్తే సగం సీల్ అవలేదు, అవన్నీ ఆ రోజే ఫ్రిజ్‌లోకి మార్చాల్సి వచ్చింది. అప్పటినుంచి మూతల దగ్గర డబ్బు చూసుకోవడం మానేశాను. రబ్బరు గ్యాస్కెట్ కూడా బిరుసెక్కాక మార్చాను. డయల్ గేజ్ ఏటా ఒకసారి సరిచూపించుకోవాలి, చాలా కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుల్లో (యూనివర్సిటీల తరఫున వ్యవసాయం, వంటింటి విషయాల్లో సలహాలిచ్చే స్థానిక ఆఫీసులు) చూసిపెడతారు, మేలోనే వెళ్తే పని తేలిక, ఆగస్టులో టమాటాలు కుప్పపడ్డాక తిరగడానికి తీరికుండదు.