జేబు సైజు తెలుగు రాజ్యాంగం: జడ్జీల తొలగింపు చూసుకోడానికి పనికొస్తుందా?

సగమే పనికొస్తుంది. సుప్రీంకోర్టు జడ్జీల తొలగింపు గురించిన 124(4) అధికరణ అనువాదం శుభ్రంగా ఉంది: రుజువైన దుష్ప్రవర్తన లేదా అసమర్థత, ఉభయ సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మద్దతు, అదీ ఒకే సమావేశాల్లో. హైకోర్టు జడ్జీలకూ ఇదే పద్ధతని 217, 218 చెబుతాయి గానీ, ఇక్కడ ఆ సూచనే లేదు. పైగా విషయసూచికలో జడ్జీల తొలగింపును 'అభిశంసన' (ఇంపీచ్‌మెంట్) కింద పెట్టారు. రాజ్యాంగంలో ఆ మాట రాష్ట్రపతికే, 61లో.

అసలు లోటు 1968 నాటి న్యాయమూర్తుల విచారణ చట్టం జతచేయకపోవడం. నోటీసుకు లోక్‌సభలో 100, లేదా రాజ్యసభలో 50 సంతకాలు, ముగ్గురి విచారణ కమిటీ... ఇవన్నీ అందులోనే ఉంటాయి. సుప్రీంకోర్టు జడ్జి వి. రామస్వామి తొలగింపుపై 1993లో జరిగిన లోక్‌సభ ఓటింగుకైనా ఓ ఫుట్‌నోట్ వేయాల్సింది: అనుకూలం 196, వ్యతిరేకం సున్నా, ఓటేయనివారు 205. తీర్మానం వీగింది! పోటీ పరీక్షలవాళ్లు ఆ చట్టం విడిగా కొనుక్కోవాల్సిందే.