నవాహో బడికి నీళ్లు: బోరా, పైప్‌లైనా?

అమెరికా నైరుతిలో నవాహో ఆదివాసుల సొంత పాలన ఉన్న ప్రాంతం నవాహో నేషన్, అక్కడ దాదాపు 30 శాతం ఇళ్లకు ఇప్పటికీ కుళాయి లేదు. అక్కడి బడికి నీళ్లంటే ముందు తట్టేది బోరే, ఆవరణలోనే వేసుకోవచ్చు, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. కానీ ఆ నేల మీద 500కు పైగా పాత యురేనియం గనులు వదిలేసి ఉన్నాయి, చాలా బావుల్లో యురేనియం, ఆర్సెనిక్ బయటపడ్డాయి. ఆ నీళ్లు గ్లాసులో పట్టి చూస్తే తేటగానే ఉంటాయి, మరిగిస్తే ఆర్సెనిక్ పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే అమెరికా పరిమితి మించినట్టే. అప్పుడు ఆర్వో పెట్టాలి, కొంత నీరు వృథా, ఫిల్టర్లు మార్చే మనిషి కావాలి. (నల్గొండ ఫ్లోరైడ్ ఊళ్లవాళ్లకు ఈ బాధ కొత్తేం కాదు.)

పైప్‌లైన్ అయితే శుద్ధి ఒక్కచోటే, బడికి ఆ టెన్షన్ ఉండదు. సాన్ హువాన్ నది నీళ్లను న్యూ మెక్సికోలోని గాలప్ పట్టణం వైపు తెచ్చే ప్రాజెక్టు అలాంటిదే, సుమారు 300 మైళ్ల పైపు. కాకపోతే 2009లో ఆమోదం వచ్చినా పదిహేనేళ్లకూ పూర్తి కాలేదు, ఈలోపు పిల్లలు బడి దాటిపోతారు.

నన్నడిగితే, పైపు దారికి దగ్గరున్న బడి దానికే పట్టుబట్టాలి. దూరంగా ఉంటే బోరే, కాకపోతే ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చాకే కుళాయి తిప్పాలి.