ఆటోనగర్‌లో వేయించిన నాలుగు టైర్లు: 245 నుంచి 255కు

2025 ఏప్రిల్‌లో విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని ఒక దుకాణంలో నా కారుకు నాలుగు కొత్త టైర్లు వేయించాను. పాతవాటికన్నా అవి ఒక సైజు వెడల్పయినవి. ఏడు నెలలు గడిచాయి, తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగాను. రోహిణి కార్తె ఎండనూ, ఆ తరువాతి వానలనూ ఆ టైర్లు చూశాక రాస్తేనే చదివేవారికి ఉపయోగమని ఇన్నాళ్లూ ఆగాను. కిందికి దించిన స్పోర్ట్స్ కారుకు వెడల్పు టైర్లు వేయించుకోవాలనుకునేవారికి మన ఊళ్లో దొరికే సలహా చాలాసార్లు 'ముందు వేసేద్దాం, తగిలితే అప్పుడు చూద్దాం' అన్నంతవరకే ఉంటోంది. అందుకే టైరు గురించి ఎంత రాస్తానో, వేసే ముందు కొలతలు తీసిన ఆ దుకాణం గురించీ అంతే రాస్తాను. పేరు వేయవద్దని యజమాని కోరారు కాబట్టి వేయడం లేదు.

కారు ఆడీ టీటీ, రెండో తరం, 2011 మోడల్, రెండు లీటర్ల ఇంజిన్, నాలుగు చక్రాలకూ శక్తి అందించే క్వాట్రో. నాకు ముందున్న యజమాని పొట్టి స్ప్రింగులు వేయించి కారును 30 మిల్లీమీటర్లు దించారు. రిమ్ములు మాత్రం కంపెనీవే: 18 అంగుళాల వ్యాసం, 9 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యరేఖకూ దాన్ని బిగించే ముఖానికీ మధ్య దూరం) 52 మిల్లీమీటర్లు. వాటికి కంపెనీ ఇచ్చిన టైరు సైజు 245/40 ఆర్ 18; ఇందులో 245 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 18 రిమ్ము వ్యాసం అంగుళాల్లో. పాత టైర్లను చూస్తే బయటి అంచున ఇంకా మూడు మిల్లీమీటర్ల గాడి ఉంది, కానీ వెనక చక్రాల లోపలి అంచున రబ్బరు అరిగి ఉక్కు తీగలు బయటపడ్డాయి. నిలబడి చూసేవారికి టైరు బాగానే కనిపిస్తుంది. జాకీ ఎత్తి చక్రం వెనక చెయ్యి పెట్టి తడిమితేగాని సంగతి తెలియదు. కారు దించినవారందరూ నెలకొకసారి ఆ పని చేయాలని గట్టిగా చెబుతాను. ఆ తీగలు నా వేలికి గుచ్చుకున్న రోజుకు ముందు వారమే ఆ టైర్ల మీద జాతీయ రహదారిపై గుంటూరు వెళ్లి వచ్చాను.

మొదట బందరు రోడ్డు మీద అద్దాల ముఖద్వారంతో ఉన్న ఒక పెద్ద షోరూముకు వెళ్లాను. 265/35 ఆర్ 18 వేయించుకుంటే కారు వెనక నుంచి చూడడానికి దిట్టంగా ఉంటుందని అక్కడి కుర్రవాడు చెప్పాడు. లోపల తగలదా అని అడిగితే, "కొంచెం రాసుకుంటే రాసుకుంటుందండి, నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుంది" అన్నాడు. సర్దుకునేది అరిగిపోయిన ప్లాస్టిక్ లైనరో (చక్రం పైన లోపలివైపు ఉండే తొడుగు), కోసుకుపోయిన టైరు పక్కగోడో అతను ఆలోచించలేదు. చూపించిన టైర్ల పక్కన దీర్ఘవృత్తంలో ఉండే నాలుగంకెల సంఖ్య చదివాను. మొదటి రెండంకెలు టైరు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. రెండు టైర్లపై 2224, మిగిలిన రెండింటిపై 3121 అని ఉంది. అంటే ఒక జత 2024లో 22వ వారానిది, రెండో జత 2021లో 31వ వారానిది. మన ఎండల్లో మూడున్నరేళ్లు గోడౌన్‌లో కూర్చున్న రబ్బరును కొత్త ధరకు కొనడం నాకు ఇష్టం లేక బయటికి వచ్చేశాను.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని లెక్క వేసుకున్నాను. ఈ లెక్కకు పెద్ద చదువేమీ అక్కర్లేదు. టైరు వెడల్పును రెండో అంకె చెప్పే శాతంతో హెచ్చిస్తే పక్కగోడ ఎత్తు వస్తుంది. దాన్ని రెట్టింపు చేసి రిమ్ము వ్యాసానికి, అంటే 457.2 మిల్లీమీటర్లకు, కలిపితే టైరు మొత్తం వ్యాసం వస్తుంది. 245/40కి పక్కగోడ 98 మిల్లీమీటర్లు, వ్యాసం 653.2. షోరూములో చెప్పిన 265/35కి పక్కగోడ 93కు కాస్త లోపు, వ్యాసం 642.7. అంటే వెడల్పు పెరిగినా టైరు పొట్టిదవుతుంది, అప్పటికే దించి ఉన్న కారు మరో ఐదు మిల్లీమీటర్లు కిందికి వస్తుంది. మా వీధిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లకు ఆ ఐదు మిల్లీమీటర్లే ఎక్కువ. పైగా 265/35కి తొమ్మిది అంగుళాల రిమ్ము అనుమతించిన వాటిలో అన్నిటికన్నా ఇరుకైనది. టైరు ఎక్కుతుంది గానీ, పక్కగోడలు బయటికి ఉబ్బి మలుపులో అటూ ఇటూ ఊగుతాయి. వెడల్పు కొన్నందుకు రావలసిన పట్టు అక్కడే పోతుంది.

255/40కి పక్కగోడ 102, వ్యాసం 661.2. పాతదానికన్నా ఒకటిన్నర శాతం లోపే పెరుగుతుంది. ఆ సైజుకు ఎనిమిదిన్నర నుంచి పది అంగుళాల రిమ్ము వరకు సరిపోతుంది కాబట్టి తొమ్మిది హాయిగా ఇముడుతుంది. కారు అడుగుభాగం నాలుగు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, గుంతలో పడినప్పుడు రిమ్ముకు రక్షణగా మరో నాలుగు మిల్లీమీటర్ల రబ్బరు దొరుకుతుంది. బదులుగా టైరుకూ పైన ఫెండర్‌కూ (చక్రం మీది బాడీ రేకుకూ) మధ్య ఖాళీ నాలుగు, లోపలి వైపున సస్పెన్షన్‌తో ఉన్న ఖాళీ సుమారు ఐదు మిల్లీమీటర్లు తగ్గుతుంది. దించిన కారులో ఈ రెండు ఖాళీలే అసలు ప్రశ్న. దానికి కాగితం మీద జవాబు దొరకదు.

ఆటోనగర్ దుకాణం నాకు నచ్చింది అక్కడే. నేను లెక్కల కాగితం చూపించగానే యజమాని, యాభై ఏళ్లు దాటిన మనిషి, "లెక్క బాగానే ఉందండి, కానీ స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు మీ కారులో చోటెంతో మీకూ తెలియదు, నాకూ తెలియదు" అన్నారు. పిల్లలు ఆడుకునే రంగు మైనం ముద్దలు ఒక డబ్బాలో పెట్టుకున్నారు. ఫెండర్ లోపలి అంచున, లైనర్ మీద, స్ట్రట్ (స్ప్రింగును మోసే సస్పెన్షన్ స్తంభం) పక్కన బొటనవేలంత ముద్దలు అంటించారు. 255 టైరు ఒక్కటి మాత్రం రిమ్ముకు ఎక్కించి ముందు ఎడమవైపు బిగించారు. ఆ చక్రాన్నీ, వెనక కుడి చక్రాన్నీ చెక్క దిమ్మల మీదికి ఎక్కించి, ఇద్దరు కుర్రవాళ్లను డిక్కీ అంచు మీద కూర్చోబెట్టి, స్టీరింగును ఒక చివర నుంచి మరో చివరకు తిప్పమని నన్ను లోపల కూర్చోబెట్టారు. తరువాత చక్రం విప్పి చూస్తే స్ట్రట్ పక్కన మైనం ఆరు మిల్లీమీటర్ల మందంతో నిలిచింది. ఫెండర్ అంచు దగ్గర పదకొండు. లైనర్ ముందు మూలలో ఉన్న ముద్ద మాత్రం టైరు గాళ్ల అచ్చు పడి రెండు మిల్లీమీటర్లకు నలిగిపోయింది. ఆ నీలం ముద్ద మీద టైరు ముద్ర ఎంత స్పష్టంగా పడిందంటే, ఏ గాడి ఎక్కడ తగలబోయిందో వేలితో చూపించగలిగారు. లైనర్‌ను వేడిగాలితో మెత్తపరచి ఆ మూలను లోపలికి నొక్కి, ఒక స్క్రూ స్థానం మార్చారు. మళ్లీ మైనం పెట్టి చూస్తే ఏడు వచ్చింది. వెనక చక్రానికీ ఇదే పరీక్ష జరిగింది. అక్కడ చోటు సరిపోయింది. ఇదంతా పూర్తయ్యేవరకూ టైర్లకు బిల్లు రాయలేదు.

క్వాట్రో ఉన్న కారుకు నాలుగు టైర్లూ ఒకేసారి, ఒకే సైజులో మార్చాలని కూడా ఆయనే ముందుగా చెప్పారు. ముందు, వెనక టైర్ల చుట్టుకొలత వేర్వేరుగా ఉంటే వెనక ఇరుసుకు శక్తి పంపే క్లచ్చు తిన్నని రోడ్డు మీద కూడా ఆ తేడాను భరిస్తూ వేడెక్కుతుంది. రెండు టైర్లే మార్చి డబ్బు మిగిల్చుకోవాలనుకునేవారికి ఆ క్లచ్చు మరమ్మతు ఖర్చు టైర్ల ఖర్చును మించుతుంది.

ఎంచుకున్నవి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4. పక్కన 99వై అని ఉంటుంది: 99 అంటే ఒక్కో టైరు 775 కిలోలు మోయగలదు, వై అంటే గంటకు 300 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుంది. మనం ఆ వేగంతో వెళ్లబోము, అయినా కంపెనీ ఇచ్చిన టైరు కన్నా తక్కువ బరువు సూచిక ఉన్నది ఏ పరిస్థితిలోనూ వేయించుకోకూడదు. నాలుగింటిపైనా ఒకే వారం ముద్ర ఉంది.

బిగింపులో రెండు పనులు చూసి సంతోషించాను. చక్రాల బోల్టులను గాలి గన్నుతో చివరి వరకూ బిగించకుండా, 120 న్యూటన్ మీటర్లకు పెట్టిన టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) చేత్తో బిగించారు. బ్యాలెన్సింగ్ బిళ్లలను రిమ్ము బయటి అంచుకు కొట్టకుండా లోపలివైపు అతికించారు. అలైన్‌మెంట్‌కు మాత్రం గంటన్నర పట్టింది, పాత టైర్లను తినేసిన జబ్బు అందులోనే బయటపడింది. దించిన కారు చక్రాలు పైభాగం లోపలికి వాలుతాయి, దాన్నే క్యాంబర్ అంటారు. అందరూ లోపలి అంచు అరుగుదలకు దాన్నే తిడతారు. నా కారు వెనక క్యాంబర్ మైనస్ 2 డిగ్రీల 20 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) ఉన్నమాట నిజమే. కానీ అసలు దోషం 'టో' అనే కొలతది, అంటే చక్రాలు పైనుంచి చూస్తే ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయన్నది. వెనక రెండు చక్రాలూ బయటికి తిరిగి, రోడ్డు మీద దొర్లకుండా కొంత ఈడ్చుకుపోతున్నాయి. స్ప్రింగులు మార్చిన రోజున అలైన్‌మెంట్ చేయించలేదని అర్థమైంది. టోను సరిచేసి, వెనక క్యాంబర్‌ను మైనస్ 1 డిగ్రీ 40 నిమిషాలకు తెచ్చారు. ముందు క్యాంబర్‌ను ఈ కారులో సులువుగా మార్చలేము, అలాగే వదిలేశారు. ఈ పని చేయించకుండా ఎంత ఖరీదైన టైరు వేసినా ఏడాదిలో మళ్లీ తీగలు చూడవలసిందే.

ఇక నడక విషయం. వెడల్పు టైరు రోడ్డుకు ఎక్కువ రబ్బరు ఆనిస్తుందని అనుకుంటారు. కానీ ఆనే వైశాల్యాన్ని ప్రధానంగా నిర్ణయించేవి టైరు మీద పడే బరువు, లోపలి గాలి పీడనం. వెడల్పు పెరిగితే ఆ ఆనిన మచ్చ ఆకారం మారుతుంది: పొడవు తగ్గి అడ్డంగా విస్తరిస్తుంది. మలుపుల్లో పట్టు పెరిగేది దానివల్ల. కనకదుర్గ ఫ్లైఓవర్ వంపులో ఇదివరకు చిన్న సవరణ కావలసిన చోట ఇప్పుడు స్టీరింగు ఒకసారి పెట్టిన చోటే నిలుస్తోంది. పక్కగోడ పెరిగినందుకు ఫ్లైఓవర్ అతుకుల మీద దెబ్బ కూడా మెత్తబడింది, ఇది నేను ఊహించని లాభం. లారీలు తొక్కి గాళ్లు పడిన రోడ్డు మీద మాత్రం కారు ఆ గాడి వెంట పోవాలని చూస్తుంది. రెండు చేతులూ స్టీరింగు మీద ఉండాలి.

మైలేజీ మీటరులో లీటరుకు 9.5 కిలోమీటర్ల నుంచి 9.2కు తగ్గింది. టైరు చుట్టుకొలత పెరిగినందువల్ల మీటరు కిలోమీటర్లను కొంచెం తక్కువగా లెక్కపెడుతుంది కాబట్టి, నిజమైన తగ్గుదల అందులో మూడింట రెండు వంతులే. స్పీడోమీటరుకూ అదే వర్తిస్తుంది: పాత టైర్లతో నిజంగా వంద ఉన్నప్పుడు ముల్లు ఎక్కడ ఉండేదో, ఇప్పుడు ముల్లు అదే చోట ఉంటే నిజమైన వేగం నూటొకటి దాటి ఉంటుంది. కెమెరాలున్న రోడ్ల మీద గుర్తుంచుకోండి.

వాన గురించి దాచకుండా చెప్పాలి. టైరు వెడల్పయినకొద్దీ నిలిచిన నీటి మీద తేలడం తొందరగా మొదలవుతుంది. ఆగస్టులో మంగళగిరి దాటాక కుండపోతలో గంటకు 80 దగ్గర స్టీరింగు ఒక్క క్షణం బరువు కోల్పోయినట్టు తేలికయింది. తడి రోడ్డు మీద బ్రేకు పట్టు ఎంతో బాగుంది, ఆ నమ్మకం నాకుంది. కానీ నీరు నిలిచిన చోట 60 దాటకపోవడమే నా నియమం. గాలి విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే పీడనం రెండు పీఎస్‌ఐ (టైరు గాలి కొలిచే ప్రమాణం) దాకా పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం, నడిచి వచ్చిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని తీసేస్తే, మరునాటి తెల్లవారికి తక్కువవుతుంది. పొద్దున్నే, కారు కదలకముందే కొలవాలి.

ఒక్కో టైరుకు 24 వేల రూపాయలు పడింది. మైనం పరీక్ష, లైనర్ పని, అలైన్‌మెంట్ కలిపి మరో 4,500. టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం బదులు 18 శాతమైంది కాబట్టి, ఇప్పుడు కొనేవారు నాకన్నా తక్కువకే పొందాలి. బిల్లులో ఆ అంకె చూసుకోండి. సైజు మార్చిన సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేశాను. కారులో స్టెప్నీ లేదు, పంక్చర్ మందు, చిన్న గాలి పంపు మాత్రమే ఉన్నాయి. పక్కగోడ తెగితే ఆ మందు పనిచేయదు. అందుకే దూరప్రయాణానికి ముందు టోయింగ్ నంబరు దగ్గర పెట్టుకుంటున్నాను.

దుకాణంలో లోపమంటే ఒక్కటే. కూర్చోవడానికి చోటు లేదు, నాలుగు గంటల పని ఎండలో నిలబడే చూశాను. ముందుగా ఫోను చేసి పొద్దున్న తొమ్మిదికి వెళ్లడం మేలు.

పోయిన వారం మళ్లీ వెళ్తే డబ్బు తీసుకోకుండా గాడి లోతు కొలిచారు. కొత్తప్పుడు 7.5 మిల్లీమీటర్లు. ఇప్పుడు వెనక చక్రాల బయటి అంచున 6.3, లోపలి అంచున 6.1. నాలుగూ ఒకే సైజు కాబట్టి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి బిగించారు, బోల్టులు మళ్లీ 120కే. మరో మూడు వేల కిలోమీటర్లకు, అంటే సంక్రాంతి ప్రయాణాలకు ముందు, అలైన్‌మెంట్ చూపించమన్నారు.