సేమ్ పీస్ ఇంకోటుంది మేడం అన్నాడు... మాల్టీపూ కుక్కపిల్ల కొనబోయేవాళ్ళూ ఒక్క నిమిషం ఆగండి

శనివారం తెల్లవారుజామున మా కుక్కపిల్ల బూందీ చనిపోయింది. ఇంటికి తెచ్చి ఆరు రోజులు. ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

అమ్మినవాడి పేరు రాయట్లేదు. రాస్తే లీగల్ నోటీస్ పంపిస్తాడంట, వాళ్ళ బావ ఎవరో లాయరంట. బోడుప్పల్ దాటాక మేడ మీద పోర్షన్‌లో పప్పీలు అమ్ముతూ, ఇన్‌స్టాలో రోజూ నీలం టవల్ మీద వాటిని కూర్చోబెట్టి రీల్స్ చేసే మహానుభావుడు అంటే చాలు, మీలో సగం మందికి అర్థమైపోతుంది. మిగతా సగం మంది వాడికి ఈపాటికి అడ్వాన్స్ ఫోన్‌పే చేసేసి ఉంటారు.

మా పాపకి తొమ్మిదేళ్ళు, రెండేళ్ళుగా కుక్కపిల్ల కుక్కపిల్ల అని ప్రాణం తోడేస్తోంది, మా ఆయనకేమో డస్ట్ అలర్జీ, అందుకని జుట్టు రాలని కుక్క ఏది అని వెతుకుతుంటే ఈ మాల్టీపూ తగిలింది, మాల్టీస్‌కీ పూడుల్‌కీ క్రాస్. వాడి పేజీలో రాసుంది కదా, జుట్టు రాలదు, అలర్జీ రాదు, క్రాస్ కాబట్టి రోగాలే రావు, టీకప్ సైజ్ దాటదు అని. ఇంకేం, నేను పడిపోయా. అరవై వేలు చెప్పాడు, బేరమాడి నలభై రెండుకి దింపానని పొంగిపోయా కూడా. మా ఆయన ఒక్కటే అన్నారు, "ఇంకో వారం ఆగు, ఇంకో రెండు చోట్ల చూద్దాం" అని. నేను ఆగితేగా. "ఇవి రెండే మిగిలాయక్కా, సాయంత్రం మాదాపూర్ నుంచి ఎవరో వస్తున్నారు" అన్నాడు. మాదాపూర్ వాళ్ళు పట్టుకుపోతారేమోనని ఆదివారం టిఫిన్ కూడా తినకుండా పరిగెత్తాం.

వెళ్ళగానే నేను అడిగిన మొదటి మాట, తల్లిని చూపించమని. ఇది మాత్రం ఎక్కడో చదివిన గుర్తు. "తల్లి షామీర్‌పేట ఫామ్‌లో ఉందక్కా, అక్కడ ఏసీ, స్విమ్మింగ్ పూల్ అన్నీ ఉన్నాయి, ఇక్కడ సిటీలో స్ట్రెస్ అవుతుందని అక్కడ పెట్టాం" అన్నాడు. అంటూనే లోపలికెళ్ళి పిల్లని తెచ్చి, నేను ఇంకో ప్రశ్న అడిగేలోపు నా ఒళ్ళో పెట్టేశాడు. వెచ్చగా ఉంది. పౌడర్ వాసన. ముక్కు నా మోచేతి మడతలో పెట్టి నిద్రపోయింది. అంతే, ఇంక నాకేం వినపడలేదు.

అబద్ధం, వినపడింది. లోపలి గది తలుపు వెనకాల ఏదో కుక్క గోళ్ళతో తలుపు గీరుతోంది. మొరగడం కాదు, గీరడమే, ఆగుతుంది, మళ్ళీ గీరుతుంది. అదెవరు అన్నా. "అది బోర్డింగ్‌కి వచ్చిన డాగ్ అక్కా" అన్నాడు. నా ఒళ్ళో ఉన్నది ఆ చప్పుడికి తల పైకెత్తి అటే చూసింది. నేను కూడా చూశా. చూసి, బ్యాగ్‌లోంచి డబ్బులు తీశా. నన్ను ఎవరూ తిట్టక్కర్లేదు, ఆ తలుపు చప్పుడు రాత్రి పడుకుంటే చెవిలో వస్తోంది.

ఇంకా నా తెలివితేటలు వినండి. "ఎఫ్ వన్ అక్కా, ప్యూర్ ఎఫ్ వన్" అన్నాడు, ఐదు నిమిషాలు కాకుండానే తండ్రి టాయ్ పూడుల్, తల్లి మాల్టీపూ అన్నాడు. మాల్టీస్‌నీ పూడుల్‌నీ నేరుగా కలిపితే పుట్టేది ఎఫ్ వన్, మాల్టీపూని మళ్ళీ పూడుల్‌తో కలిపితే అది ఎఫ్ వన్ బి, అంటే వాడి దగ్గరున్నది ఏంటో వాడికే తెలీదు. కేసీఐ పేపర్లు నెలలో కొరియర్ చేస్తానన్నాడు. చెన్నైలో ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా జాతి కుక్కలకి పేపర్లు ఇస్తుంది, మాల్టీపూ అనేది జాతే కాదు, క్రాస్‌కి పేపర్లెక్కడివి? ఇవన్నీ నేను గురువారం రాత్రి క్లినిక్ బల్ల మీద కూర్చుని ఫోన్‌లో చదువుకున్నా. ఆదివారం పొద్దున చదివుంటే సరిపోయేది.

ఇంటికి తెచ్చాం. రంగు చూసి పాప బూందీ అని పేరు పెట్టింది. సోమవారం గంతులు. మంగళవారం సాయంత్రం పాలు కలిపిన సెరిలాక్ (వాడు చెప్పిన డైటే) ముట్టలేదు. కొత్త ఇల్లు కదా బెంగ పెట్టుకుందేమో అనుకున్నాం. బుధవారం పొద్దున పసుపు నురగ కక్కింది, రాత్రికి రక్తం విరేచనాలు. ఆ వాసన ఎలా చెప్పాలో తెలీదు, ఒకసారి పీల్చినవాళ్ళు జన్మలో మర్చిపోరు. తడిగుడ్డతో వెనకకాళ్ళు తుడుస్తుంటే గుడ్డ టీ డికాషన్ రంగులోకి తిరిగింది. ముందు మలం అనుకున్నా. వీపు తుడిచినా అదే రంగు. కింద వెంట్రుకలు మామూలు మురికి తెలుపు. బూందీ రంగు కూడా వేసిందేనన్నమాట.

డాక్టర్ గారు కిట్ పెట్టారు, పది నిమిషాల్లో రెండు గీతలు, అంటే పార్వో వైరస్ ఉన్నట్టే. తర్వాత దాని నోరు తెరిచి పళ్ళు చూసి, "ఎన్ని రోజులదని చెప్పాడమ్మా?" అన్నారు. యాభై ఐదు అన్నా. "వెనక దంతాలు ఇంకా సరిగ్గా రానేలేదు, ఐదు వారాలుంటే ఎక్కువ" అన్నారు. అంటే తల్లి పాలు మానక ముందే లాగేసి అమ్మేశాడు. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండకుండా పిల్లని అమ్మకూడదంట, బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయ్యుండాలంట, ఒక తల్లికి ఏడాదికి ఒక్క కాన్పు మించకూడదంట. మనోడి పేజీలో తారీఖులు ఇప్పుడు వెనక్కి వెళ్ళి చూస్తే మార్చిలో ఒక లిట్టర్, సెప్టెంబర్‌లో ఒక లిట్టర్, రెండు వీడియోల్లోనూ వెనకాల పడుకుని ఉన్నది చెవి చిరిగిన అదే తెల్ల కుక్క. స్విమ్మింగ్ పూల్‌లో ఈత కొడుతున్న తల్లి అదేనేమో!

వాక్సిన్ కార్డ్ చూపించా. డాక్టర్ గారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని చూశారు. వాక్సిన్ సీసా మీది స్టిక్కర్ అంటించి ఉంది, బాగానే ఉంది, కానీ స్టిక్కర్ మీద ఎక్స్‌పైరీ అయిపోయిన రెండు నెలలకి డోస్ వేసినట్టు తారీఖు. ఇంకా గొప్ప విషయం, వచ్చే నెల వేయాల్సిన రెండో డోస్ గడిలో కూడా డాక్టర్ సంతకం ముందే ఉంది! అదే పెన్ను, అదే గీత. వేయని సూదికి సంతకం. ఈ కార్డ్ నా హ్యాండ్‌బ్యాగ్‌లో నాలుగు రోజులుంది, నేను బ్యాంకులో రోజూ చెక్కుల మీద సంతకాలు చూసి పాస్ చేసే మనిషిని.

పార్వో వైరస్ సోకాక సాధారణంగా మూడు రోజుల నుంచి వారం పడుతుందంట లక్షణాలు బయటపడడానికి. మా ఇంటికొచ్చిన రెండో రోజే తిండి మానేసిందంటే అక్కడి నుంచే తెచ్చుకుంది అన్నారు డాక్టర్ గారు. మిగతా పిల్లలకి కూడా ఉండొచ్చు, వాళ్ళకి చెప్పండమ్మా అన్నారు. ఆ పెద్దమనిషి ధర్మం అలా ఉంది. సరే అని అక్కడే కారిడార్‌లో నిలబడి వాడికి ఫోన్ చేశా, డాక్టర్ గారు కూడా మాట్లాడతారేమోనని స్పీకర్ ఆన్ చేశా, పాప పక్కనే ఉంది, అది ఇంకో తప్పు.

ఎత్తగానే "ఆ చెప్పండి మేడం" అన్నాడు. ఆదివారం దాకా అక్కని, గురువారానికి మేడం అయ్యా. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య అని మా అత్తయ్య ఊరికే అనలేదు. పార్వో వచ్చింది, డ్రిప్ పెట్టారు, మీ దగ్గరున్న మిగతావాటిని చూపించుకోండి అని చెప్పా. నేను చెప్పింది సాయం చేద్దామనే, డబ్బుల మాట ఇంకా ఎత్తనే లేదు. "ఏం పెట్టారు మేడం మీరు? చికెన్ పెట్టారా? మా దగ్గర ఉన్నప్పుడు మంచిగుంది, మీకు కుక్కని చూసుకోవడం రాదు" అన్నాడు. నువ్వు చెప్పిన సెరిలాకే పెట్టానయ్యా అన్నా. రెండు సెకన్లు ఏం మాట్లాడలేదు. వెనకాల పిల్లలు కుయ్ కుయ్ మంటున్నాయి. అప్పుడు, ఏదో చీర డ్యామేజ్ వచ్చిందని షాపుకి ఫోన్ చేస్తే మాట్లాడతారే, అలా, చాలా మామూలుగా అన్నాడు:

"టెన్షన్ ఎందుకు మేడం, సేమ్ పీస్ ఇంకోటుంది, హాఫ్ రేట్‌కి ఇచ్చేస్తా, వచ్చి పట్కపోండి. అది ఎట్లాగూ ఉండదు."

పీస్. లోపల టేబుల్ మీద అది కాలికి సూది పెట్టించుకుని పడుకుని ఉంది, నేను తలుపు దగ్గరికి వస్తే తోక కొస ఒక్కసారి కదిపింది, వాడేమో పీస్ అంటున్నాడు. అది ఎట్లాగూ ఉండదంట. అంటే వాడికి ముందే తెలుసు కదా? ఎన్ని చూస్తే అంత మామూలుగా చెప్తాడు? పాప నా చున్నీ లాగి "అమ్మా, పీస్ అంటే ఏంటి" అంది. నాకు తిట్లు బానే వచ్చు, ఒక్కటి కూడా నోట్లోంచి రాలేదు. "నీకు పిల్లలున్నారా" అని మాత్రం అడిగా. "ఏం మాట్లాడుతున్నవ్ నువ్వు" అని పెట్టేశాడు. అక్క, మేడం, నువ్వు. ఐదు రోజుల్లో మూడు మెట్లు దిగిపోయా. పది నిమిషాల్లో వాట్సాప్‌లో బ్లాక్, ఇన్‌స్టాలో నా కామెంట్ డిలీట్. ఆ తర్వాత వేరే నంబర్ నుంచి ఆ లాయర్ బావ బెదిరింపు.

రెండు రాత్రులు ఉంచారు. సెలైన్, వాంతులు ఆగే ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్స్. వైరస్‌కి నేరుగా మందు మా దగ్గర లేదు, దాన్ని నిలబెడుతూ ఉంటే అదే గెలవాలి అన్నారు, అంత చిన్న ఒంట్లో గెలవడానికి ఏముంది. బిల్లు పంతొమ్మిది వేలు, దాని గురించి నాకు బాధ లేదు, క్లినిక్ వాళ్ళు చేయాల్సిందంతా చేశారు. కుక్క ఇంట్లోకొస్తే నేను ఊరెళ్ళిపోతా అని వారం నుంచి బెదిరించిన మా అత్తయ్య, శుక్రవారం రాత్రంతా నాతో పాటు అక్కడే బల్ల మీద కూర్చున్నారు, పాత నేత చీర ముక్క దాని కింద పరిచి. మూడున్నరకి ఆవిడే లేపారు నన్ను.

ఆ రాత్రే ఇంకోటి చదివా. ఈ పూడుల్ క్రాస్‌ల పిచ్చికి ఊపు తెచ్చిన లాబ్రడూడుల్‌ని (లాబ్రడార్‌కీ పూడుల్‌కీ క్రాస్) 1989లో ఆస్ట్రేలియాలో వాలీ కాన్రన్ అనే ఆయన మొదలుపెట్టాడంట, చూపులేని ఒకావిడ భర్తకి అలర్జీ అని, గైడ్ డాగ్ కోసం. మూడు పిల్లలు పుడితే వాటి వెంట్రుకలూ లాలాజలమూ పంపి చూశారంట, ఒక్కదానికే ఆయనకి అలర్జీ రాలేదంట. ఒకే కాన్పులో, మూడింట్లో ఒకటి! తర్వాత ఆయనే, బాధ్యత లేని బ్రీడర్లు ఎగబడ్డారు, అనవసరంగా మొదలుపెట్టా అని వాపోయాడు. మరి మన బోడుప్పల్ సైంటిస్టు మాత్రం అన్ని పిల్లలకీ అలర్జీ రాని గ్యారంటీ ఇస్తాడు. క్రాస్ అయితే రోగాలు రావన్నది కూడా అంతే, మాల్టీస్‌కీ మోకాలి చిప్ప జారే జబ్బుంది, టాయ్ పూడుల్‌కీ ఉంది, రెండింటినీ కలిపితే మాయమైపోతుందా? అసలు మాది మాల్టీపూ కూడా కాకపోవచ్చు, పమేరియన్ పోలికే ఎక్కువుంది అన్నారు డాక్టర్ గారు. అయితే ఏంటండీ, ఏ జాతైనా మాకు బూందీయే. వీధి కుక్కపిల్లైనా బతికుంటే చాలు.

మా ఆయన ఇప్పటిదాకా "నేను చెప్పా కదా" అనలేదు. అంటే బాగుండు.

సరే, కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళకి. తల్లిని చూపించకపోతే పిల్లని చేతిలోకి తీసుకోకండి, ఒళ్ళో పెట్టనివ్వకండి, పెట్టాక మన బుర్ర పనిచేయదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడ మీద ఉందా చూడండి. కార్డ్ మీద స్టిక్కర్ ఎక్స్‌పైరీ, డాక్టర్ స్టాంపు చూసి, ఆ డాక్టర్‌కి ఒక ఫోన్ కొట్టండి. డబ్బు మొత్తం ఇచ్చే ముందు వెట్‌కి చూపించే షరతు పెట్టండి, ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. నేను ముప్పై ఏడు వేలు క్యాష్ ఇచ్చా, రసీదు అంటే తెల్లకాగితం మీద "సోల్డ్, నో రిటర్న్" అని రాసిచ్చాడు, దానికి థాంక్యూ కూడా చెప్పా. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేశా, కంప్లయింట్ తీసుకున్నారు, జంతు సంక్షేమ బోర్డుకి కూడా రాస్తున్నా. ఫోన్‌పే చేసిన ఐదు వేల అడ్వాన్స్ ఒక్కటే నా దగ్గరున్న గట్టి రుజువు.

ఇంకోటి, మా ఇంట్లోలాగా జరిగినవాళ్ళు వెంటనే ఇంకో పిల్లని తేకండి, ఈ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుందంట, మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి. దాని పరుపు కాల్చేశాం. గిన్నె పాప ఎక్కడో దాచింది, అడగబుద్ధి కావట్లేదు.

ఇది రాస్తుంటే మా తమ్ముడు స్క్రీన్‌షాట్ పంపాడు. ఆ అమ్మేవాడు పొద్దున్నే పెట్టాడంట స్టోరీ. అదే నీలం టవల్, దాని మీద బూందీ తోబుట్టువు, కళ్ళు సగం మూసి కూర్చుంది, పక్కన "లాస్ట్ వన్, ఫస్ట్ కమ్ ఫస్ట్ సర్వ్" అని. ఎవరైనా దానికోసం బయల్దేరి ఉంటే ఆగి నాకు మెసేజ్ పెట్టండి, ఆ కార్డ్ ఫోటో, టెస్ట్ రిపోర్ట్ రెండూ పంపిస్తా. ఈపాటికే ఇంటికి తెచ్చేసుకుని ఉంటే ఇవాళే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, వాంతి అయ్యేదాకా ఆగకండి.