వియ్యాలవారి ఊరు కోబర్గ్

జర్మనీలోని కోబర్గ్ వెళ్ళేవాళ్ళకి ముందే చెబుతున్నాను, స్టేషన్ పక్కన చవకగా దొరికిందని గది తీసుకోకండి. ముగ్గురికి రాత్రికి 118 యూరోలు కట్టాం. ఎనిమిది దాటితే రిసెప్షన్‌లో మనిషి ఉండడని బుకింగ్‌లో ఎక్కడా లేదు. తలుపు పక్కన తాళాల పెట్టె, దానికి మాకు పంపిన నంబరు పనిచెయ్యదు. చలిలో అత్తయ్యగారిని సూట్‌కేసు మీద కూర్చోబెట్టి ముప్పావుగంట నిలబడ్డాం. తీరా వచ్చినాయన సారీ అనకపోగా, ఆలస్యంగా దిగారంటూ ఇంకో 20 యూరోలు గుంజాడు. లిఫ్టు లేదు, గది మూడో అంతస్తు. మోకాళ్ళు పట్టుకుని ఆవిడ మెట్టుమెట్టుకీ ఆగుతుంటే మా ఆయనకి ఏడుపొక్కటే తక్కువ. పొద్దున్న టిఫిను మనిషికి 14 యూరోలు: రెండు రొట్టెలు, జున్ను ముక్క, చల్లారిన కాఫీ.

ఎహ్రెన్‌బర్గ్ రాజభవనంలో అడుగుపెట్టాకే ఆవిడ ముఖం విప్పారింది. గైడుతోనే లోపలికి పంపుతారు, చెప్పేది జర్మన్‌లో. నేను తెలుగులో చెబుతూ నడిచాను. పైకప్పును భుజాలమీద మోస్తున్నట్టు నిలబెట్టిన 28 భారీ విగ్రహాల హాలు చూసి తీరాలి. కానీ అత్తయ్యగారిని కట్టిపడేసింది చుట్టరికాలే. బ్రిటన్ విక్టోరియా రాణి తల్లి ఈ ఇంటి ఆడపడుచు. ఆవిడ అన్న కొడుకే ఆల్బర్ట్, అంటే రాణి చేసుకున్నది సొంత మేనమామ కొడుకుని. ఇద్దరూ 1819లోనే పుట్టారు, ఇద్దరికీ పురుడు పోసిన డాక్టరమ్మ షార్లెట్ ఫోన్ సీబోల్ట్. "అయితే పిల్ల మూడు నెలలు పెద్దదన్నమాట! మనవాళ్ళు ఒప్పుకునేవాళ్ళా?" అన్నారావిడ.

ఇంత చిన్న సంస్థానం యుద్ధాలతో కాదు, సంబంధాలతో పెరిగింది. ఆల్బర్ట్ బాబాయి లియోపోల్డ్ 1831లో బెల్జియం రాజయ్యాడు. ఇంకో బాబాయి కొడుకు ఫెర్డినాండ్ 1836లో పోర్చుగల్ రాణిని పెళ్ళాడాడు. 1894 ఏప్రిల్‌లో ఇదే భవనంలో విక్టోరియా కొడుకు కూతురికి, కూతురి కొడుక్కి పెళ్ళి చేశారు. మళ్ళీ మేనరికమే! ఆ పెళ్ళికొచ్చిన రష్యా యువరాజు నికొలస్‌కీ పెళ్ళికొడుకు చెల్లెలు అలిక్స్‌కీ మర్నాడే నిశ్చయమైంది. రాణి మనవడు, జర్మనీ కైజరు (చక్రవర్తి) విల్హెల్మ్ కూడా అక్కడే ఉన్నాడు. అందరూ కలిసి దిగిన ఫోటో ఉంది. ఇరవయ్యేళ్ళకి వాళ్ళ దేశాలే ఒకదానిమీద ఒకటి యుద్ధానికి దిగాయి. ఇక ఈ భవనంలో పెళ్ళిచేసుకున్న ఆ జంట 1901లోనే విడిపోయింది. దీనికి అత్తయ్యగారు నిజంగా బాధపడ్డారు.

మార్కెట్ చౌకులో పైన్ కాయల నిప్పుమీద కాల్చే సాసేజ్ మా ఆయన రెండు తిన్నాడు, ఒక్కోటి 3.80. పొగకే ఓ రుచి ఉంది. ఎదురుగా ఆల్బర్ట్ విగ్రహం, 1865లో విక్టోరియాయే వచ్చి ఆవిష్కరించింది.

గది ఆ చౌకు చుట్టుపక్కలే తీసుకోండి, 30 యూరోలు ఎక్కువైనా సరే. ఆల్బర్ట్ పుట్టిన రోజెనావ్ భవనం ఊరి బయట, మాకు టాక్సీకి 22 అయింది. సోమవారం మాత్రం వెళ్ళకండి, రెండు భవనాలూ మూసే ఉంటాయి.