చార్టా, వేషమా? చిన్న తరగతుల్లో మహనీయుల జీవితాలు

రాత్రి ఎనిమిదిన్నరకు హన్మకొండ చౌరస్తాలో స్టేషనరీ దుకాణం ముందు గుమిగూడిన తల్లిదండ్రుల ముఖాలు చూస్తే చాలు, మర్నాడు ఏదో బడిలో మహనీయుల ప్రాజెక్టు ఉందని తెలిసిపోతుంది. ఒకరికి కలాం బొమ్మ కావాలి, ఇంకొకరికి ఝాన్సీ రాణి కత్తి కావాలి. మూడు నుంచి ఐదో తరగతి దాకా పాఠాలు చెప్పే నేను పిల్లల చేత చార్టులూ రాయించాను, వేషాలూ వేయించాను. రెండింటితోనూ నగుబాటు పాలయ్యాను.

చార్టుతో పంతులుకు సుఖం. గోడకు తగిలించవచ్చు, మార్కులు వేయవచ్చు, తనిఖీకి వచ్చినవారికి చూపించవచ్చు. చిక్కల్లా అందులో పిల్లవాడు కనిపించకపోవడమే. బొమ్మ కొన్నది, దాని వెనుక అచ్చువేసిన విశేషాలను ఎక్కించింది నాన్న, అంచుకు రంగు పూసింది అక్క. జననం, విద్య, పదవులు, బిరుదులు, మరణం అంటూ దరఖాస్తు నింపినట్టు ఉంటుంది. ‘అయితే క్షిపణి అంటే ఏమిటి నాన్నా?’ అని అడిగితే కలాం చార్టు పట్టుకున్న పిల్లవాడు నేల చూపులు చూస్తాడు. అయినా చార్టును పూర్తిగా కొట్టిపారేయను. నలుగురిలో నోరు విప్పలేని పిల్లకు అది చేతిలో డాలు. పైగా ఒక మనిషి బతుకులో అయిదే సంగతులు రాయాలన్నప్పుడు ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకోవడం తొమ్మిదేళ్ల పిల్లలకు చిన్న పని కాదు.

వేషం సంగతి వేరు. ఆ రోజు బడికి పండగ కళ వస్తుంది. కాని దుస్తులు మనిషిని మింగేస్తాయి. ఒక ఏడాది మా నాలుగో తరగతిలో నలుగురు రాణీ రుద్రమలు వచ్చారు. నాలుగు ప్లాస్టిక్ కత్తులు, నాలుగు కిరీటాలు, అందరి నోటా అవే ఎనిమిది వాక్యాలు. ‘మీ నాన్న ఎవరమ్మా?’ అని అడిగితే గణపతిదేవుడు అనవలసిన చోట ఒక పాప వాళ్ల నాన్న పేరే చెప్పింది. అందరూ నవ్వారు, పాప ఏడ్చింది. తప్పు ఆ పాపది కాదు. కిరాయి దుస్తులకు పెట్టిన శ్రద్ధ కథకు పెట్టించని నాది.

మరుసటి ఏడు వేషాన్ని వదలలేదు గాని, ఒక్క మార్పు చేశాను. మాటలు అప్పజెప్పాక తోటిపిల్లలు మూడు ప్రశ్నలు అడగాలి, వేషంలో ఉన్నవారు ఆ మనిషిగానే బదులివ్వాలి. తెల్ల లాల్చీ, కళ్లద్దాలతో ఒక అబ్బాయి ప్రజాకవి కాళోజీ అయ్యాడు. ఎక్కడ పుట్టారంటే ‘మడికొండ’ అన్నాడు. ఇంకో పిల్ల లేచి, కాదు, కర్ణాటకలోని రట్టిహళ్లి అని తాను చదివింది చెప్పింది. ఆమె చెప్పిందే నిజం. 1914లో అక్కడ పుట్టిన మనిషి మడికొండలో పెరిగాడు. అబ్బాయికి పౌరుషం వచ్చింది. వారం తిరగకుండా, కాళోజీ తండ్రిది మరాఠీ అనీ, తల్లిది కన్నడమనీ తెలుసుకుని వచ్చాడు. ‘మరి ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9న మనం తెలంగాణ భాషా దినోత్సవం ఎందుకు చేస్తున్నాం సార్?’ అని అడిగాడు. ఆ ప్రశ్న ఏ చార్టూ అడగలేదు నన్ను. ఆ గంట లెక్కల పాఠం ఆగిపోయింది, ఆగనిచ్చాను.

ఇక ఎవరిని ఎంచుకోవాలన్నది రెండో తగువు. కలాం వంటివారికి పిల్లల పుస్తకాలు దండిగా దొరుకుతాయి. రామేశ్వరంలో వార్తాపత్రికలు పంచిన కుర్రవాడి కథ ఎవరికైనా నచ్చుతుంది. మన దగ్గరి ఊళ్లవారి గురించిన రాతలు ఎక్కువగా పెద్దలకోసం రాసినవే. అందుకే హన్మకొండలో 1904 నుంచీ ఉన్న రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయానికి పంతులే వెళ్లి, చదివి, తేలిక మాటల్లో తిరగరాయాలి. శ్రమే. అయినా నా ఓటు దగ్గరివారికే. పాలకుర్తిలో దేశ్‌ముఖ్‌ను ఎదిరించి పంట కాపాడుకున్న చాకలి ఐలమ్మ 1985 దాకా బతికి ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆమెను చూసిన తాతలు, అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. అమ్మమ్మను అడిగి వచ్చిన పిల్ల చెప్పే తీరుకూ, ఫోనులో చూసి వచ్చిన పిల్ల చెప్పే తీరుకూ తేడా తరగతిలో ఎవరికైనా తెలుస్తుంది. కాకిలా, కుక్కలా అరుస్తూ వెనుక బెంచీని ఆడించే అల్లరివాడికి మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్‌ను అప్పగించండి. ధ్వన్యనుకరణకు పద్మశ్రీ వచ్చిందని తెలిశాక వాడి నడకే మారిపోతుంది.

ఫోనుతో ఇంకో చిక్కు. రుద్రమ పుట్టిన తేదీ నెలతో సహా రాసుకొచ్చిన పాపను ‘ఎవరు చెప్పారు?’ అంటే ‘గూగుల్’ అంది. ఆమె మరణాన్ని చెప్పే 1289 నాటి చందుపట్ల శాసనం ఉంది గాని, పుట్టినరోజు చెప్పే శాసనం లేదు. ఆ పంక్తి కొట్టేయించాను. పాప అలిగింది.

అందువల్ల మూడో తరగతికి చార్టే ఇస్తాను, అదీ సగం కాగితం, సొంత చేతిరాతతో, కొన్న బొమ్మ లేకుండా. నాలుగు, అయిదు తరగతులకు వేషం, పది రోజుల గడువు. వస్తువు ఒక్కటే, ఐలమ్మకు కర్ర, కాళోజీకి కళ్లద్దాలు. కిరాయి దుస్తులు వద్దని తల్లిదండ్రులకు ముందే చెబుతాను. వేషానికి మార్కులు ఎలా, రికార్డులో ఏం పెట్టాలి అని తోటి ఉపాధ్యాయులు అడుగుతుంటారు. బదులు చెప్పలేకపోయిన ప్రశ్నను ప్రతి పిల్లా ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి, తర్వాత కనుక్కున్న జవాబు దాని వెనుక రాయాలి. ఆ చీటీలే ఫైలులో పెడుతున్నాను. కొన్నింటి వెనుక ఇంకా ఖాళీగానే ఉంది.